గుమ్మానికి వేపమండలు

బచేలిలో గని కార్మికుల క్వార్టర్ల వరుసలో ఒక గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందనుకుని ఇరుగుపొరుగు అటువైపే రావడం మానేశారు. ఆ మండలు కట్టింది పగవాళ్లెవరో కాదు, కోడలంటే ప్రాణం పెట్టే అత్త పైడమ్మే!

కోడలు గంగారత్నానికి రక్తంలో కేన్సర్. మందులకు లొంగినట్టే లొంగి తిరగబెట్టింది. చివరికి ముంబైలో డాక్టర్లు ఆమె తెల్లకణాలనే బయటికి తీసి, ఒక వైరస్ సాయంతో వాటిలోకి కొత్త జన్యువును పంపి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించారు. ఆ కణాలు కేన్సర్‌ను వెతికి మరీ చంపాయి. మనిషి బతికి ఇంటికొచ్చింది.

కానీ గనిలో డంపర్ లారీ నడిపే కొడుకు సన్యాసిరావు చెప్పినదాంట్లో పైడమ్మ చెవికెక్కింది వైరస్ అన్న ఒక్క మాటే. కోడలి ముఖాన మాస్కు చూసేసరికి అంటురోగమన్న అనుమానం కాస్తా ఖాయమైపోయింది. గుమ్మానికి మండలు కట్టింది. కోడలికి వేరే కంచం, వేరే గది. నాలుగేళ్ల మనవరాలిని ఆ గది గడప తొక్కనివ్వలేదు. చావు తప్పించుకొచ్చిన తల్లి గోడవతల బిడ్డ ఏడుపు వింటూ పడుకుంది. ఎంత అన్యాయమండీ ఇది!

ఆదివారం ఆమెను చూడడానికి గని ఆసుపత్రి డాక్టర్ సత్యమూర్తి వచ్చాడు. మండలు చూసి ఆగిపోయాడు.

"ఎవరికమ్మా అమ్మవారు?"

"నా కోడలికే బాబూ. ఒంట్లోకి వైరసు ఎక్కించీసినారంట. మనవరాలు గుంటకి అంటుకుంటే నానేటి సేసీది?"

"పైడమ్మగారూ, మీ అబ్బాయి డంపర్ ఖనిజం దించేశాక దాని పని అయిపోతుంది కదా? ఇదీ అంతే. ఆ వైరస్‌లో జబ్బు చేసే సరుకు ముందే తీసేశారు. మంచి జన్యువును కణంలో దించింది, దాని పని అయిపోయింది. అది పెరగదు, ఎవరికీ అంటదు."

"మరా మాస్కేటి?"

"ఆమె నుంచి మీకు కాదమ్మా, మీ దగ్గూ జలుబుల నుంచి ఆమెకి! రోగాన్ని తట్టుకునే శక్తి ఇంకా రాలేదు."

"అయితే గుంట ఆల్లమ్మ ఒళ్లో కూకోవచ్చా బాబూ?"

"జలుబు లేదుగా? చేతులు కడిగి నిక్షేపంగా పంపండి."

పైడమ్మ మండలు లాగి పారేసింది. మనవరాలి చేతులు సబ్బుతో రుద్ది వదిలింది. పిల్ల ఒక్క పరుగున వెళ్లి తల్లి మెడ పట్టుకుంది.

"నన్నొగ్గీసినారనుకున్నానత్తా," అని గంగారత్నం ఏడ్చేసింది.

"ఒగ్గేత్తానేటే పిచ్చిదానా!" పైడమ్మ ఏడుస్తూనే నవ్వింది. గుండెల మీంచి బండ దిగినట్టయింది. వీధిలోకొచ్చి, తొంగిచూస్తున్న పొరుగువాళ్లందరికీ వినబడేలా కేకేసింది.

"మా ఇంట్లో అంటుజబ్బూ లేదు, అమ్మవారూ లేదు, జలుబు లేనోల్లు సేతులు కడుక్కుని రండి! తెలీకపోతే అడగాల గానీ, బతికొచ్చిన మనిసిని దూరం పెట్టకూడదర్రా!"