వలపటి చోటు

ఓబులేసు తన వదిన చేని గట్టు మీద కాలు దువ్వడం మొదలుపెట్టి ఇవాళ్టికి మూడో రోజు. గట్టు మీద మోకాలి లోతు గొయ్యి పడింది. పెళ్లాం సంగటి తెచ్చి పెడితే నిలబడే తింటున్నాడు, కాలు మాత్రం ఆపడం లేదు.

కదిరమ్మ చేని మధ్యలో, నాగలి ముందు నిలబడి ఉంది. మొన్నటి వానకు నేల మంచి పదును మీద ఉంది. ఈ పొద్దు దున్నకపోతే ఆ తడి ఆరిపోతుంది, వొలిచి పెట్టిన వేరుశనగ విత్తనం పాడవుతుంది. మొగుడు మద్దిలేటి పోయి ఏడాది. అన్న లేని చేను తమ్ముడిదే అని అప్పటినుంచీ ఓబులేసుది ఒకటే పట్టు.

"ఏం వదినా, కొమ్ములొచ్చినాయా నీకు?" అని అరుస్తాడు ఓబులేసు.

కదిరమ్మ తల తడుముకుంటుంది. "వచ్చినాయి నాయనా. నిన్న సందేళ, సంగటి గెలికేటప్పుడు."

కుడి కొమ్ము కొంచెం పొట్టి. కొంగు కప్పుకోవడానికి తప్ప వాటితో ఇబ్బందేమీ లేదు.

ఊరంతా వచ్చి చుట్టూ గట్ల మీద కూర్చుంటుంది. పక్కింటి సుంకమ్మ కొత్త ముకుతాడు పేని తెచ్చింది.

"ఎవురు ఓడితే వాళ్లకి," అంటుంది. "నాకేం పక్షపాతం లేదు. మెత్తగానే పేనినాలే."

ఓబులేసు రంకె వేస్తాడు. ఆ రంకె చేని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి మళ్లీ అతని నోట్లోకే పోతుంది. తల వంచి ఉరుకుతాడు. కదిరమ్మ కదలదు. అయినా అతను పక్కనుంచి వెళ్లిపోతాడు. మళ్లీ వస్తాడు, మళ్లీ తప్పుతాడు. మూడోసారీ అంతే. ప్రతిసారీ ఆమె అతని కుడి పక్కనే మిగిలిపోతుంది, సరిగ్గా ఒక ఎద్దు పట్టేంత దూరంలో.

"గురి లేదబ్బా!" అని జనం నవ్వుతారు.

కదిరమ్మ నవ్వదు. అన్నదమ్ములు ఇరవై ఏళ్లు ఒకే కాడి కింద నడిచారు. కుడివైపు, వలపట, మద్దిలేటి. ఎడమవైపు, దాపట, ఓబులేసు. దాపట అలవాటైన ఎద్దు, జోడు పోయినా, కుడి పక్క చోటు వదిలే నడుస్తుంది.

అప్పుడు చూస్తుంది. కాడి ఇంకా అతని మెడ మీదే ఉంది. రెండో కొస ఏడాదిగా నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. అందరూ కొమ్ములే చూస్తున్నారు కాబట్టి అది ఎవరి కంటా పడలేదు.

"మెడ పుండు పడింది గదప్పా."

"పడనీ."

"నా చేను నీకెందుకు, ఓబులేసూ?"

అతని కాలు ఆగుతుంది. "రెండు చేన్లూ నావైతే నేను ఇద్దరు మనుషులైతాననుకుంటి."

"కాలేదా?"

"కాలే, వదినా."

కదిరమ్మ వంగి కాడి రెండో కొస ఎత్తుతుంది. కొమ్ములు తగలకుండా తల పక్కకు వాల్చి మెడ మీద పెట్టుకుంటుంది.

"ఈ పొద్దు నా చేను. రేపు నీది. గట్టు ఉన్న చోటే ఉంటాది. ఒప్పుకుంటావా?"

ఓబులేసు తల ఊపుతాడు. కాడి కూడా ఊగుతుంది.

"మరి ఈ తాడు?" అంటుంది సుంకమ్మ.

"నీ మొగునికి ఎయ్యి పో!" అంటుంది కదిరమ్మ.

సుంకమ్మ మొగుడు లేచి అవతలి గట్టు మీదికి మారతాడు.

వెనక నాగలి తనంతట తానే కాడికి తగులుకుని నేలలోకి దిగుతుంది. ఇద్దరూ నడుస్తారు. ఎవరో రెండుసార్లు దగ్గుతారు, మద్దిలేటి దగ్గినట్టే. కాడి కింద ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి చూడరు. పొద్దు వీపు మీద ఉంది కాబట్టి నీడలు ముందు పడుతున్నాయి, మూడు. మూడో నీడకూ కొమ్ములున్నాయి. వాటి మధ్య మద్దిలేటి తలగుడ్డ చుట్టి ఉంది.

ఆ నీడ వాళ్లిద్దరినీ దాటి, ముందుగా గట్టు చేరుతుంది. ఓబులేసు తవ్విన గోతిలోకి దిగి, కాళ్లు ముడుచుకుని పడుకుని, దుప్పటి కప్పుకున్నట్టు మట్టిని మీదికి లాక్కుంటుంది. గట్టు సమానమవుతుంది. తలగుడ్డ కొస ఒక్కటే పైన మిగిలి, గాలి లేకపోయినా మొలకలా పచ్చగా ఊగుతుంది.