ధోండిబా ఉన్న డబ్బా

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా కోరేగావ్‌లో ఫోటో దిగడానికి వచ్చే పెళ్లికొడుకులందరికీ తెలుసు. నవ్వమంటే బిగుసుకుపోతారు, వద్దంటే పళ్లికిలిస్తారు. ఇరవై ఆరేళ్లు రీలు కెమెరా పట్టుకుని వాళ్ల మీద అరుస్తూనే బతికాను. ఆ ఏడు మాత్రం డిజిటల్ కెమెరా కొన్నాను. కొన్నాక తెలిసింది, దానికి రీలు అక్కర్లేదు గానీ కడుపు మరీ చిన్నదని. ఉన్నవి రెండు కార్డులు. ఒక్కోదాంట్లో నూరు ఫోటోలు పడేసరికి ఇక చాలంటుంది.

ఆషాఢంలో ఆళంది నుంచి పండరికి నడిచివెళ్లే వారీ యాత్రను మొదటి నుంచి చివరిదాకా ఫోటోలు తీయాలని నా పట్టుదల. ఇరవై రోజుల దారి. దారిలో కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుంది? అందుకని పుణెలో ఉండే మా మేనల్లుడు ఒక డబ్బా ఇచ్చాడు. అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా. కార్డును దాని పక్కనున్న సందులో దూర్చి మీట నొక్కితే లోపల ఏదో గిర్రున తిరుగుతుంది, పచ్చ దీపం టపటపా కొట్టుకుంటుంది, ఫోటోలన్నీ అందులోకి దిగిపోతాయి. ఆ తర్వాత కార్డు తుడిచేసి మళ్లీ తీసుకోవచ్చు. ఫోటోలు చూపించే తెర మాత్రం దానికి లేదు. లోపల ఎన్ని ఉన్నాయో అంకె ఒక్కటే చూపిస్తుంది.

"ఇంకో చోట కూడా దాచుకో మామా. ఒక్కదాన్నే నమ్ముకోవద్దు," అన్నాడు మేనల్లుడు.

"నాకు నేర్పేంతటివాడివయ్యావా?" అని కసిరాను. నా బతుకంతా ఇలా కసిరిన తర్వాత చేతులు కాల్చుకోవడంతోనే సరిపోయింది.

పక్క ఊరి దిండీతో కలిశాను. నూట పది మంది భజన జట్టు, ఒక వీణ, రెండు మృదంగాలు, సామాన్లు మోయడానికి ఒక లారీ. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ దిండీ ముందు కాషాయ జెండా పట్టుకుని నడిచింది ధోండిబా అనే రైతు. ఆ చైత్రంలో ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దిండీ బయల్దేరే పొద్దున ఆయన మంచాన్ని గడప దగ్గరికి తెచ్చి వేశారు. ఆయన భార్య సారజాబాయి తలమీద తులసి కుండీ పెట్టుకుని కూడా కదలకుండా నిలబడింది.

"నిన్ను కోడలి మీద వదిలేసి నేను పోతే లోకం ఏమనుకుంటది?" అంది.

"నువ్వు పోకపోతే మనింటి వారీ తెగిపోద్ది. అది నాకు ఇంకో పక్షవాతం," అన్నాడు ధోండిబా. మాట ముద్దగా వస్తోంది గానీ ఎకసెక్కం తగ్గలేదు. తర్వాత ఎడం చేత్తో నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఫోటోల అయ్యా, దారంతా నాకు పట్టుకురావాలి. దివే ఘాట్ కొండదారి ఎక్కేటప్పుడు మనోళ్ల మొహాలు తియ్యి. ముప్పై ఒక్క ఏళ్లు జెండా పట్టుకుని ముందు నడిచినోణ్ణి. నా వెనకాల ఎంతమంది వస్తన్నారో, ఎట్టా వస్తన్నారో ఒక్కసారీ చూడలేదు."

"ఘాట్ ఏం ఖర్మ, పండరి దాకా ప్రతి మజిలీ చూపిస్తాను," అని మాటిచ్చాను. మాటివ్వడంలో నేనెప్పుడూ పిసినారిని కాను. ఆ గడపలోనే ఆయన ఫోటో కూడా ఒకటి తీశాను.

చెప్పినట్టే తీశాను. ఆళందిలో జ్ఞానేశ్వర్ మహారాజ్ పాదుకల పల్లకీ కదలడం తీశాను. దివే ఘాట్ ఎక్కుతుంటే ముందుకు పరుగెత్తి, రాతిమీదికెక్కి, చెమటతో మెరిసే నూట పది మొహాలూ తీశాను. జేజురీలో గుడి దగ్గర భక్తులు పసుపు ఎగరేస్తుంటే కెమెరాకు కొంగు కప్పి మరీ తీశాను. ఆ కొంగు సారజాబాయిది. మజిలీ చేరగానే లారీ బ్యాటరీకి డబ్బాను తగిలించి ఫోటోలు దింపేవాణ్ణి, ఆవిడ పక్కన కూర్చుని జొన్నరొట్టె తింటూ చూసేది. ఆవిణ్ణి మావశీ, అంటే పిన్నీ, అని పిలిచేవాణ్ణి.

"ఏదయ్యా, మా ఆయన్ని చూపియ్యి."

"ఇందులో కనపడదు మావశీ. ఇంటికెళ్లి పెద్ద యంత్రానికి తగిలిస్తేనే కనపడుతుంది."

"మరి లోపలున్నాడని నీకెట్టా తెలుసు?"

"అంకె చూడు. పదకొండు వందల నలభై. మీ ఆయనా ఉన్నాడు, దిండీ మొత్తం ఉంది."

ఆవిడ రొట్టె పక్కన పెట్టింది. "సరేలే. గుళ్లోకి పోలేనోళ్లం శిఖరానికి దండం పెట్టుకుని తిరిగి రావట్లా? ఇదీ అంతే," అని డబ్బాకు ఒక దండం పెట్టింది. నేను పడీపడీ నవ్వాను. అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

ఎనిమిదో రోజు నీరా నదికి చేరాం. అక్కడ జ్ఞానేశ్వర్ మహారాజ్ పాదుకలకు స్నానం చేయిస్తారు. ఆ పాదుకలు నీళ్లలో మునిగిన క్షణాన రేవంతా మునుగుతుంది. ఇంట్లో ఎవరైనా రాలేకపోతే వాళ్ల పేరు చెప్పి ఇంకో మునక వేస్తారు. రోగి చొక్కా తెచ్చి ముంచేవాళ్లుంటారు, భజన తాళాలు ముంచేవాళ్లుంటారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించదు. కనిపించకపోవడమే నా కొంప ముంచింది.

మంచి ఫోటో కావాలంటే నడుము లోతు నీళ్లలో నిలబడాలి. సంచీ ఒడ్డున పెడితే దొంగల భయం. డబ్బాను ప్లాస్టిక్ కవరులో చుట్టి సారజాబాయి చేతిలో పెట్టాను.

"భద్రం మావశీ. జనంలో చేతివాటంగాళ్లుంటారు. మీ ఆయన ఇందులోనే ఉన్నాడు, గుర్తుంచుకో."

"ఆయన్ని నేను ఎవరికిస్తా?" అంది, నవ్వుతూ.

దొంగల గురించి చెప్పాను. నీళ్ల గురించి చెప్పలేదు. చెప్పాల్సిన మాట అనే తోచలేదు.

అరగంట తర్వాత, కార్డు నిండా ఫోటోలతో, ఒంటినిండా బురదతో, మహా సంబరంగా ఒడ్డెక్కాను. సారజాబాయి తడి చీరతో నిలబడి, డబ్బాను కొంగుతో శ్రద్ధగా తుడుస్తోంది. పసిబిడ్డకు తలంటి తుడిచినట్టు మూలమూలలా తుడుస్తోంది.

"ఏం చేశావ్?" అన్నాను.

"స్నానం చేయించా. మూడు మునకలు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన నీరా తప్పలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు తప్పాలి? ఆయనతోపాటు లోపలున్న మనోళ్లందరికీ కూడా ఇంకోసారి అయిపోయింది."

"కవరు... కవరు ఏమైంది?"

"తీసేశా. కవరు మీద నుంచి ముంచితే నీళ్లు ఆయనకెట్టా తగుల్తయి?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. డబ్బా లాక్కుని ఊపితే సందులోంచి నీళ్లు కారాయి. మీట నొక్కాను. దీపం వెలగలేదు. ఇక నోటికి హద్దు లేకుండా పోయింది. మొద్దు మనిషివన్నాను. బుర్రలో ఏముందన్నాను. నిన్ను నమ్మినందుకు నన్ను నేను కొట్టుకోవాలన్నాను. నూట పది మంది ముందు, డెబ్బై ఏళ్ల మనిషిని అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం నోరు నొప్పి పుట్టేదాకా ఆగలేదు.

ఆవిడకు మొదట అర్థం కాలేదు. "నీళ్లకే చచ్చిపోయిందా? గంగమ్మ నీళ్లకే?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత మెల్లగా, "అయితే ఆయన లేడా లోపల?" అంది.

"ఎవరూ లేరు. ఘాట్ లేదు, జేజురీ లేదు, ఆయన లేడు. అన్నీ కడిగేశావు."

ఆవిడ అక్కడే రాళ్ల మీద కూలబడింది.

వారీలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా మాటా మాటా అనుకుంటే ఒకరి కాళ్లకొకరు దండం పెట్టి "మావులీ" అనాలి, అంటే తల్లీ అని. అది అయ్యేదాకా ఇద్దరికీ విస్తరి వేయరు. నేనైతే ఆ పూట తిండి మానడానికి సిద్ధపడ్డాను. ఆరుతుందేమోనని డబ్బాను లారీలోని బియ్యం బస్తాలో పూడ్చి, పక్కనున్న లోనంద్ నుంచి బస్సెక్కి ఇంటికి పోదామని సంచీ సర్దుకుంటున్నాను. సారజాబాయి వచ్చి, నేను వారించే లోపలే నా కాళ్ల మీద తల పెట్టింది.

"మావులీ, తిట్టు. ఇంకా తిట్టు. కానీ వెళ్లిపోమాక. ముందు సగం నేను పోగొట్టా. వెనక సగమైనా నువ్వు చూపియ్యకపోతే ఆ మంచం మీద ఆయన ఏం పెట్టుకుని బతకాలి?"

తలమీది తడి ఇంకా ఆరలేదు. నా పాదాల మీద చుక్కలు పడుతున్నాయి. మా అమ్మ కంటే పెద్ద మనిషి. గబుక్కున వంగి ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. దిండీ పెద్ద అప్పటిదాకా గరిటె పట్టుకుని చూస్తున్నాడు.

"అయిందా? ఇక కూర్చోండి, శనగపిండి పిఠలా చల్లారిపోతోంది," అన్నాడు.

మూడు రోజులు బియ్యంలో ఉన్నా డబ్బా లేవలేదు. మిగిలిన దారికి రెండే కార్డులు, అందులో ఒకటి నీరాతో నిండి ఉంది. అంటే పండరి దాకా నూరు ఫోటోలు. మళ్లీ రీలు రోజులొచ్చాయి. మీట నొక్కే ముందు ఊపిరి బిగబట్టి ఆలోచించాను. రోజుకు ఎనిమిది. సారజాబాయి పక్కనే నడుస్తూ లెక్క చెప్పేది. "ఇయ్యాళ ఆరయినయి. సాయంత్రం మైదానంలో దేవుడి గుర్రం పరుగుకి రెండు దాచుకో." నాకు కోపం వచ్చేది, వచ్చినట్టే పోయేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా కోడలు ఒకటే చెప్పింది, ఆయన ఘాట్ ఫోటోల గురించి అడుగుతున్నారని.

పండరిలో ఏకాదశి అయ్యాక ఇల్లు చేరి, ఆ ఫోటోలన్నీ పెద్ద తెర మీద చూశాను. నీరా ఫోటోలు చూస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయాను. నడుమ పాదుకలు, గొడుగు, జనం. కుడి మూలన, నేను చూడకుండానే నా కెమెరా చూసిన మనిషి ఒకరు. ఆ మూల ఒక్కటే పెద్దది చేసి అచ్చు వేశాను. డబ్బాను పుణె పంపాను. అందులోవి తిరిగి వస్తాయని నమ్మకం లేదని మేనల్లుడు తేల్చేశాడు. అంతకుముందు తను చెప్పిన మాట గుర్తు చేయలేదు. బంగారంలాంటి పిల్లాడు.

ఫోటోల కట్ట పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. సారజాబాయి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఆయనకింకా చెప్పలేదయ్యా," అంది గొంతు తగ్గించి. "రోజూ చెబుదామనుకోవడం, నోరు రాకపోవడం."

ధోండిబా ఇంకా చిక్కిపోయాడు. కోడలు తలకింద దిండు ఎత్తు చేసింది. ఒక్కో ఫోటో ఆయన ఎడం చేతికి అందించాను. గుర్రం పరుగు చూసి రొప్పుతూ నవ్వాడు. పండరికి ముందు మజిలీ అయిన వాఖరీలో మైదానం చూశాడు, పండరి శిఖరం చూసి కళ్లకద్దుకున్నాడు. అన్నీ అయ్యాక కట్ట కిందికి వెతికాడు.

"ఘాట్ ఏదీ? మనోళ్ల మొహాలేవి?"

సారజాబాయి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"నేను పోగొట్టా. నువ్వు అందులో ఉన్నావంటే నీరాలో ముంచా. నీళ్లకి అది చచ్చిపోద్దని నాకు తెలీదు. నువ్వడిగిన మొహాలన్నీ నేనే పోగొట్టా."

ఆయన కన్ను చివర నుంచి నీరు కారి చెవిలోకి పోయింది, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. ముప్పై ఒక్క ఏళ్లు వెనక్కి చూడకుండా నడిచిన మనిషికి చూసే అవకాశం ఒక్కసారి వచ్చి పోయింది. నాకు ఏం చేయాలో తోచక, సంచీలోంచి విడిగా దాచిన ఫోటో తీసి ఆయన గుండెల మీద పెట్టాను.

అందులో సారజాబాయి ఛాతీ లోతు నీళ్లలో ఉంది. కళ్లు మూసుకుంది. రెండు చేతులా ఎత్తి పట్టుకున్న నల్ల డబ్బా నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. పెదవుల మీద ఏదో పేరు సగంలో ఉంది.

ధోండిబా ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరం పెట్టి చూశాడు. మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"చేతిలో ఏందది?"

"నువ్వే," అంది సారజాబాయి.

చాలాసేపు చూశాడు. తర్వాత ఫోటోను గుండెల మీద పెట్టుకుని, ఎడం చేత్తో తన తల మెల్లగా తడుముకున్నాడు.

"నీళ్లు చల్లగా ఉన్నయ్యా?"

"చల్లగా ఉన్నయి. వాన నీళ్లు కదా."

"తల తుడిచావా మరి?"

"తుడిచా," అంది ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఈ కొంగుతోనే తుడిచా. కావాలంటే ఫోటోల అయ్యనడుగు."

ధోండిబా నా వైపు చూశాడు. మూలమూలలా తుడిచిందని చెప్పాను.