తూముకు అడ్డంగా వల

తన వంతు వచ్చిన రోజు పెంచలమ్మ ఉప్పుటేరు ముఖద్వారం దగ్గర వల కట్టలేదు. గెడలు భుజాన వేసుకుని, మోకాటి లోతు బురదలో మడచెట్లు దాటి వెళ్లి, రొయ్యల గుంట తూముకు ఎదురుగా పాతి వల కట్టింది. అక్కడ చేప పడదని ఆమెకు తెలుసు.

పులికాట్ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఉప్పుటేటి చేపల్ని ఇంటింటికీ వంతు వేసుకుని పడతారు. వంతు వచ్చిన రోజు ఏరు ఆ ఇంటిది. వల ఎక్కడ కట్టినా ఇంకొకరు ముట్టుకోరు. ఆ వల పాడు చేసినవాడి ఇంటికి ఇక వంతు ఉండదు. భర్త చనిపోయాక ఆయన వంతు పెంచలమ్మకు వచ్చింది. అది మళ్లీ రావాలంటే ఊరంతా తిరిగి రావాలి.

గుంట తిరుపతిలో ఉండే హరినాథ్‌ది. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. చచ్చిన రొయ్యల్ని, బ్లీచింగ్ కలిపిన నీళ్లని ఏట్లోకి వదిలేయమన్నాడు. పోయిన ఏడాది వదిలినప్పుడు మడవేళ్ల మధ్య పీతలు చచ్చి తేలాయి. తూము పక్క చెట్లు ఇప్పటికీ చిగురు వేయలేదు. ఏటిలోని పిల్ల చేప, పిల్ల రొయ్య పెరిగేది ఆ వేళ్ల సందుల్లోనే.

తూము పలక ఎత్తడానికి చిన్నబ్బ వచ్చాడు. పెంచలమ్మకు మరిది, గుంటలో కూలి.

"వదినా, ఈడ యాడుండాయి చేపలు? కప్పల కోసరం కట్టినావా?"

"కప్పో, మీ సారో. ఏది పడితే అది."

"నవ్వులాట గాదు. పలక ఎత్తితే నీ వల కొట్టుకుపోతాది."

"ఎత్తు. నీ ఇంటి వంతు పోతాది. ఆ మాట నీ పెండ్లానికి నువ్వే జెప్పుకో."

చిన్నబ్బ పలక మీది చేయి తీశాడు.

హరినాథ్ కారు గట్టు మీద ఆగింది.

"ఏమ్మా, నా గుంట, నా తూము. మధ్యలో నీకేం పని?"

"గుంట నీదే సారూ. తూముకు అవతల నీళ్లు ఈ పొద్దు నావి. చెడునీళ్లకు వేరే గుంట తవ్వుకోమని పోయినేడే జెప్పినాము."

"నేనే ఎత్తుతా."

"దిగు సారూ. తెగులు మనుషులకు రాదంట గదా."

పలక దగ్గర నీళ్లు నడుము లోతు. పైన రొయ్యలు కుళ్లి తేలుతున్నాయి. హరినాథ్ దిగలేదు.

"రేపు ఎవరి వంతు?" అని చిన్నబ్బను అడిగాడు.

"నాదే సార్."

"అయితే రేపే వదులుదాం." నవ్వి కారెక్కాడు.

పెంచలమ్మ వలకు కాపలాగా కూర్చుంది. చీకటి పడ్డా గట్టు దిగలేదు.

తెల్లవారి వల విప్పింది. అందులో ఏమీ లేదు. గెడలు పీకబోతుంటే చిన్నబ్బ వచ్చాడు. అతని భుజం మీద వల ఉంది.

"పీకబాకు వదినా. నాది కట్టుకుంటా."

"కూలి?"

"పలక ఎత్తేదానికి ఇంకెవుర్నన్నా పిల్చుకోనీ."

అతను రెండో గెడకు వల కడుతుండగా కారు వచ్చింది. హరినాథ్ అద్దం దించాడు.

"రేపు ఎవరిదిరా?"

చిన్నబ్బ ముడి బిగించాకే తల ఎత్తాడు.

"ఊళ్లోకి బొయ్యి అడుగు సార్. ఇండ్లు శానా ఉండాయి."