మిగుల్చుకున్న సాయంత్రం

పరదాల కొట్టు వెబ్ పేజీల్లో సగం పూర్తిచేసి పెద్దక్క మెడ అటూ ఇటూ తిప్పుకుంది. ఆఫీసులో అందరికీ ఆమె పెద్దక్కే. వయసులో పెద్ద, పనిలో చిన్న. టైపు ఉద్యోగం ఎత్తేశాక, నడివయసులో వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకుంటోంది. మౌస్ పట్టుకుంటే ఇప్పటికీ చిటికెనవేలు గాల్లోనే ఉంటుంది.

మొదట్లో ప్రతి పేజీనీ ఖాళీ తెర మీద మొదలుపెట్టేది. పక్క కుర్చీలో కళ్లద్దాలాయన చూసి చూసి జాలిపడ్డాడు.

"ఎన్నాళ్లిలా కష్టపడతారక్కా? పైభాగం, కిందిభాగం ఒక మూసపేజీలో పెట్టుకోండి. అక్కడ మారిస్తే అన్నిటిలోనూ మారుతుంది. ఒక మాట మార్చాలన్నా అంతే, వెతికి ఒక్కసారే మార్చేయొచ్చు. ముందు నకలు మాత్రం తీసి దాచుకోండి."

ఆమె తాపత్రయం మెప్పు కోసం కాదు. అమ్మ మంచాన పడింది. పొద్దున తను బయల్దేరేటప్పుడు నిద్రలో ఉంటుంది, తిరిగొచ్చేసరికి మందుల మత్తులో ఉంటుంది. మెలకువగా ఉండేది సాయంత్రమే. ఒక్క సాయంత్రం అమ్మతో కూర్చోవాలని పెద్దక్క కోరిక. కానీ పని ముందే తెమిలినప్పుడల్లా యజమాని మరో పని తెచ్చి ముందు పెట్టేవాడు. దున్నే ఎద్దునే పొడుస్తారు కదా. చెడ్డవాడేం కాదు, ఖాళీ చేతులు కనబడితే అతనికి తోచదు, అంతే.

అందుకే ఈరోజు పొద్దున్నే అడిగేసింది. "ఈ కొట్టు పని అయిపోతే ఇంటికెళ్తానండి. అమ్మ దగ్గరికి."

"అయితే వెళ్లండి," అన్నాడు.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. "అమ్మ ఇవాళ కాస్త తేటగా ఉందక్కా. నువ్వెప్పుడొస్తావని అడుగుతోంది."

"వచ్చేస్తున్నానని చెప్పు," అంది పెద్దక్క. ఎన్నాళ్లకో ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

మిగిలింది ఒక్కటే. కొట్టువాళ్లు 'వెన్నెల' రకం పరదాలను కూడా ఇకనుంచి 'మల్లె' అనే పిలవమన్నారు. పెద్దక్క వెతకాల్సిన మాట కొట్టింది, మార్చాల్సిన మాట కొట్టింది, అన్నిటినీ మార్చమని నొక్కింది. నకలు సంగతి గుర్తురాలేదు. సంచీ భుజాన వేసుకుని, చివరిసారిగా ఒక పేజీ తెరిచింది.

నీలం వెన్నెల పరదా ఉండాల్సిన చోట తెల్లటి మల్లె పరదా వేలాడుతోంది. ఇంకోటి తెరిచింది. అక్కడా తెల్లదే. బొమ్మల ఫైళ్ల పేర్లలోనూ 'వెన్నెల' అనే మాట ఉంది. పేజీల్లో అవీ మారిపోయి, మల్లె బొమ్మల్నే చూపిస్తున్నాయి. వెనక్కి మారుద్దామంటే అసలు మల్లెలేవో, కొత్తగా మల్లెలైనవేవో తెలియదు. అన్నీ కలగాపులగం.

"ఆ పేజీలు చూసే జనం కొంటున్నారండీ," అన్నాడు యజమాని తెరవైపు చూసి. అరవలేదు. అరిచినా బాగుండేది. "సరిచేసి వెళ్లండి."

కళ్లద్దాలాయన నిట్టూర్చాడు. "నకలు తీశారా?"

పెద్దక్క తల అడ్డంగా ఊపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"సగం నాకివ్వండి," అన్నాడాయన.

ఒక్కో పేజీ, ఒక్కో పరదా. రంగు చూడటం, బొమ్మ వెతకడం, పేరు సరిచేయడం. దీనికి దగ్గరిదారి లేదు. కిటికీలోంచి పడ్డ ఎండ నేల దాటి గోడెక్కింది. ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తితే ఏడుపొస్తుందని ఎత్తలేదు. లేచి వెళ్లిపోదామనుకుంది. వెళ్లిపోతే రేపు ఈ కుర్చీ ఉండదు, అమ్మ మందులూ ఉండవు. వేళ్లు పనిచేస్తూనే ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి దీపాలు వెలిగాయి. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇందాకే అక్కా. కునుకు పట్టిందనుకున్నా."

పెద్దక్క చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. అమ్మ ముఖం గుమ్మంవైపే తిరిగి ఉంది. చెయ్యి పట్టుకుంది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఆ కాస్త వెచ్చదనం ఆమెను మరీ కుంగదీసింది.

"నీకని తనే ఒలిచింది," అంది చెల్లెలు. "చేతులు వణుకుతుంటే నేనొలిచిస్తానన్నా. ముట్టుకోనివ్వలేదు."

మంచం పక్కన పళ్లెంలో సగం కమలాపండు ఉంది. తొనల మీది తెల్లటి పీచంతా తీసేసి ఉంది, ఒక్క తొన మీద మాత్రం బొటనవేలి గోరు దిగిన గుర్తు నుంచి రసం కారి, పళ్లేనికి అంటుకుని ఆరిపోతోంది.