హోటలు బల్లలకు లారీ రంగులు

కుప్పయ్య హోటలు మూతపడిందన్న కబురుకన్నా ముందు ఆ హోటలే చిత్తూరు వచ్చేసింది. చంద్రగిరి నుంచి వచ్చిన లారీ గిరింపేటలో పంకజాక్షి వాళ్ల వాకిట్లో ఆగింది. అందులోంచి బెంచీలు దిగాయి, బల్లలు దిగాయి, వడలూ మైసూరుపాకూ పెట్టే అద్దాల బీరువా దిగింది, గల్లాపెట్టె బల్ల దిగింది, ఎత్తుకాళ్ల పీటలు దిగాయి. ఆఖరున కుప్పయ్య దిగాడు.

ఆయన పంకజాక్షికి బావగారు, ఆమె భర్త దొరస్వామికి సొంత అన్న. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. చంద్రగిరిలో బస్సులు ఆగేచోట ఏళ్ల తరబడి కాఫీ హోటలు నడిపాడు. బస్సులు ఆగే చోటు మారింది. కాఫీ తాగేవాళ్లూ వాటి వెనకాలే పోయారు.

"ఇదంతా ఆడనే అమ్మేసి రాకూడదా అన్నా?" అన్నాడు దొరస్వామి.

"కట్టెల కింద అడిగినారప్పా. నేనియ్యలేదు" అన్నాడు కుప్పయ్య.

ఆ మాట అన్న తీరు చూశాక మళ్లీ ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి ఆ ఇంట్లో నడవడం ఒక విద్య అయింది. వంటింట్లోంచి హాల్లోకి రావాలంటే పంకజాక్షి పక్కకి తిరిగి, ఊపిరి బిగపట్టి రావాలి. బెల్లం మండీకి బయల్దేరే దొరస్వామి రోజుకో బెంచీకి మోకాలు కొట్టుకుని, అన్నకి వినపడకుండా తిట్టుకునేవాడు. అన్నిటికీ ఒకటే రంగు, నూనే పొగా పట్టిన నలుపు. వాటిలో అన్నిటికన్నా పొడుగు బెంచీ మీద కుప్పయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు. "చాలమ్మా" అన్నది తప్ప ఆయన నోటినుంచి మాట వచ్చేది కాదు.

దసరా దగ్గరపడింది. పెరటి గోడ మీదుగా పంకజాక్షి తన గోడు పక్కింటి ఆనందమ్మకి చెప్పుకుంది.

"ఈసారి బొమ్మల కొలువు లేనట్టే ఆనందా. మెట్లు పెట్టను జానెడు చోటు లేదు."

"మే, ఇంట్లో అన్ని బెంచీలు పెట్టుకోని మెట్లు యాడ పెట్టాలంటావే! ఆ బెంచీలే ఒకదాని మీదొకటి మెట్లు మాదిరి పేర్చుకో."

"ఆ మసి మీదా అమ్మవారిని కూర్చోబెట్టేది?"

"రంగెయ్యి. మా ఆయన షెడ్డులో డబ్బాల అడుగున బోలెడు మిగిలిపోయి ఉండాది."

ఆనందమ్మ మొగుడు మునిరత్నం బెంగుళూరు రోడ్డులో లారీలకు రంగులు వేస్తాడు. మర్నాడు పొద్దునే ఆనందమ్మ కొంగు చాటున నాలుగు డబ్బాలు పట్టుకొచ్చింది. చిలకపచ్చ, మిరపపండు ఎరుపు, పసుపు, నెమలి నీలం. మూత తీయగానే వాసన గుప్పుమని ఇద్దరికీ తుమ్ములొచ్చాయి, తుమ్ములతోపాటు నవ్వులొచ్చాయి.

బావగారు కునుకు తీస్తున్న వేళ చూసి పంకజాక్షి ఒక పీటని పిల్లిలా పెరట్లోకి చేర్చింది. గీకింది, తుడిచింది, చిలకపచ్చలో కుంచె ముంచి ఒక్క గీత గీసింది. అంతే! ఆ నల్లటి చెక్క మీద ఆ పచ్చదనం చూసి ఆమె ఒళ్లు ఝల్లుమంది. పుట్టి బుద్ధెరిగాక చేతిలో ముగ్గుపిండి పట్టిందే గానీ కుంచె పట్టింది లేదు. పచ్చ పూయడం అయ్యాక ఊరుకోలేక పసుపు చుక్కలు పెట్టింది. చుక్కలు పెట్టాక ఎర్ర గీతలతో కలపకపోతే ఎలా? పీట మీద ముగ్గు విచ్చుకుంది. ఆనందమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెలికలు తిరిగి నవ్వుతోంది.

ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. పంకజాక్షి తిరిగి చూస్తే గుమ్మంలో కుప్పయ్య.

గబుక్కున లేచి కొంగు సర్దుకుంది. కొంగుకి పచ్చ, నుదుటికి పచ్చ. కుప్పయ్య ఆమెను చూడలేదు, పీటనే చూస్తున్నాడు.

"అది గల్లాపెట్టె తావ నేను కూర్చునే పీట" అన్నాడు.

"తప్పయిపోయింది బావగారూ. అడక్కుండా పూసేసినాను. ఇప్పుడే గీకేస్తాను..."

కుప్పయ్య వంగి పీటని వేలితో తాకాడు. వేలికి రంగు అంటుకుంది. ఆ వేలిని ఎండలోకి చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"కాళ్లకెందుకు పూయలేదు?"

"ఆ?"

"పైనంతా చిలకపచ్చ, కింద కాళ్లు మసి. కాళ్లకీ ఎరుపు లేకుంటే చిలకెట్లయితాదమ్మా? ఆ ఎర్రడబ్బా ఇట్లియ్యి."

పంచె పైకి దోపి నేలమీద చతికిలబడ్డాడు కుప్పయ్య. ఇన్నాళ్లూ గోడవైపు తిరిగి పడుకున్న మనిషేనా అనుకుంటూ పంకజాక్షి ఎర్రడబ్బా అందించింది.

ఇక ఆ ఇంటికి పట్టిన పిచ్చి అంతా ఇంతా కాదు. బెంచీలన్నీ పెరట్లోకి నడిచాయి. కుప్పయ్య ఒక బల్లను తలకిందులు చేసి, ఆకాశంలోకి చూస్తున్న నాలుగు కాళ్లకూ నీలం పూసి, "ఇదిగో, అమ్మవారికి మండపం" అన్నాడు. గల్లాపెట్టె బల్ల సొరుగులు ఊడబెరికి, పసుపు పూసి, గోడకి మేకులు కొట్టి బొమ్మల గూళ్లు చేశాడు. అద్దాల బీరువాలో మైసూరుపాకు ఉండే అరలో పంకజాక్షి కొండపల్లి ఏనుగును నిలబెట్టింది. సాయంత్రాలు మునిరత్నం సన్న కుంచె తెచ్చి బెంచీల అంచులకు తామరపూలు వేసేవాడు. మాటల్లో పడి, చేతి అలవాటుకొద్దీ ఒక బెంచీ వీపు మీద 'హారన్ మోగించుము' అని గుండ్రంగా రాసేశాడు. రాసినాక చూసుకుని నాలిక కరుచుకున్నాడు.

"తుడిపేస్తానన్నా!"

"తుడిపినావంటే సూడు!" అని కుప్పయ్య ఆ బెంచీకి అడ్డం నిలబడ్డాడు.

ఆ పూట మండీ నుంచి వచ్చిన దొరస్వామి గుమ్మంలో అడుగుపెట్టి, గబగబా వెనక్కి వెళ్లి వీధిలో నిలబడి ఇంటిని ఎగాదిగా చూశాడు.

"మన ఇల్లే. లోపలికి రాండి" అంది పంకజాక్షి.

వచ్చి తన పడక కుర్చీ చూసుకున్నాడు. సగం నీలం, సగం పసుపు.

"ఇది హోటల్ది కాదే! నాది కదా?"

"చెయ్యి ఆగలేదండీ. మధ్యలో నీలం అయిపోయింది."

దొరస్వామి ఏదో అనబోయాడు. ఇంతలో చెవి మీద పసుపు మరకతో అన్న అటుగా వచ్చి, "బాగుండాది కదప్పా?" అని అడిగాడు. దొరస్వామి "శానా బాగుండాదన్నా" అని, ఆ కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

కొలువు మొదటి సాయంత్రం వీధిలోని ఆడవాళ్లంతా వచ్చారు. రంగు బెంచీల మెట్లు చూసి కొందరు బుగ్గలు నొక్కుకున్నారు, కొందరు బొమ్మల్ని వదిలేసి బెంచీల్నే తడిమి చూశారు. రిటైరైన హెడ్మాస్టరుగారి భార్య రాఘవమ్మ కంచిపట్టు చీరలో హుందాగా వచ్చి, నెమలి నీలం పీట మీద కూర్చుంది. మునిరత్నం మళ్లీ తెచ్చిచ్చిన నీలంతో ఆ మధ్యాహ్నమే కుప్పయ్య దానికి మరో పూత పూశాడు. పంకజాక్షి వద్దనేలోపే కూర్చోవడం అయిపోయింది.

తాంబూలానికి రాఘవమ్మ లేచింది. ఆమెతోపాటు పీటా లేచింది. జానెడు లేచి, దబ్బున కింద పడింది.

రాఘవమ్మ మెడ తిప్పి, చీరను వెనకనుంచి ముందుకి లాక్కుని ఆ నీలాన్ని చాలాసేపు చూసింది.

"ఏం రంగబ్బా ఇది!" అంది చివరికి. "మా ఇంట్లో పాత ఉయ్యాల ఒకటి ఉండాది. దానికీ ఇదే పూస్తారా?"

అంతే. ఎవరు ముందు నవ్వారో తెలియదు. కూర్చున్నవాళ్లు బెంచీలు పట్టుకుని నవ్వారు, నిలబడ్డవాళ్లు కూలబడి నవ్వారు. ఆనందమ్మ గుగ్గిళ్ల గిన్నెతో సహా గోడకి జారిపోయింది. కుప్పయ్య కిరసనాయిలు సీసా, గుడ్డ తెచ్చి పంకజాక్షికి అందించి, ఆ ఊపులో వంటింటివైపు తిరిగి గొంతెత్తి కేకేశాడు.

"ఆరు కాఫీ! ఒకటి చక్కెర తక్కువ!"

చంద్రగిరిలో బస్సులదాకా వినబడ్డ గొంతు. ఆ గొంతు పంకజాక్షి ఎన్నడూ విని ఎరగదు. కుప్పయ్య తానే ఉలిక్కిపడి నాలుక్కరుచుకున్నాడు. పంకజాక్షి గుడ్డ ఆనందమ్మ చేతిలో పెట్టి, వంటింట్లోకి పరిగెత్తి అంతకన్నా గట్టిగా బదులిచ్చింది.

"ఆరు కాఫీ వస్తాండాయి!"

విజయదశమి మర్నాడు రాఘవమ్మ ఉయ్యాల ఒంటెద్దు బండిలో వచ్చి పంకజాక్షి వాకిట్లో దిగింది. దాని వెనకాలే ఇంకెవరిదో అద్దం పగిలిన బీరువా. అప్పటికే కుప్పయ్య బెంగుళూరు రోడ్డులో షెడ్డు ముందు నిలబడి మునిరత్నంతో గొడవ పడుతున్నాడు.

"గులాబీ రంగు యాడ్నించైనా తెచ్చియ్యాల నువ్వు."

"గులాబీ రంగు ఏ లారీకి పూస్తారన్నా?"

"లారీ సంగతి నాకెందుకప్పా, ఉయ్యాలకి కావాల!"