జెముడుకి కట్టుడుపన్ను

ఆసుపత్రి బండి తలుపు మూసే ముందు కూడా అక్క విరిగిన తన తుంటి గురించి మాట్లాడలేదు. జెముడు గురించే మాట్లాడింది.

"ఒరేయ్, నేనొచ్చేదాకా దానికి నీళ్లు పొయ్యకు. చుక్క కూడా వద్దు. చలికాలం అది నిద్రపోతుంది. నువ్వు చెయ్యాల్సిన పనేమీ లేదు. అర్థమైందా?"

"అర్థమైందక్కా."

"నీకు అర్థం కాదు. పనేమీ లేదంటే నీకు జన్మలో అర్థం కాదు," అని పడుకునే వేలు చూపించి బెదిరించింది. తలుపు మూసుకుంది.

అక్క బస్సు దిగుతూ మెట్టు తప్పి పడింది. ఆపరేషను, ఆ తర్వాత నడక నేర్పించడం, అన్నీ కలిపి ఆరు వారాలన్నారు డాక్టర్లు. భార్య పోయాక మూడేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్న తమ్ముడికి ఇల్లూ జెముడూ రెండూ అప్పగించి వెళ్లింది.

తమ్ముణ్ణి ఊరంతా పళ్ల మేస్త్రి అంటారు. పళ్ల డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, ముందుగదిలో కూర్చుని కట్టుడుపళ్లు తయారుచేస్తాడు. నలభై ఏళ్లుగా అదే పని. మైనం కరిగించడం, ప్లాస్టర్ కలపడం, అరగదీయడం, మెరుగుపెట్టడం. ఆ చేతులకు ఖాళీ అంటే పడదు. అన్నం తింటూ కూడా గ్లాసు అంచు నున్నగా ఉందో లేదో బొటనవేలితో తడిమి చూస్తాయి.

జెముడు కూడా ఆ ముందుగదిలోనే కిటికీ పక్కన పెద్ద సిమెంటు తొట్టిలో ఉండేది. ఏడడుగుల ఎత్తు. మొదలు మేస్త్రి పిక్కంత లావు. ఛాతీ ఎత్తుకు వచ్చాక చీలి, తొమ్మిది కొమ్మలై, దీపపు సెమ్మెలాగా పైకి లేచింది. మూడు పలకల కొమ్మలు, పలకల అంచున ముళ్లు. ముప్పైయొక్కేళ్ల కిందట అక్క పనిచేసిన తపాలా ఆఫీసులో ఎవరో ఊడ్చి పారేసిన బొటనవేలంత ముక్క అది. జేబురుమాల్లో చుట్టి తెచ్చుకుంది. ఉద్యోగం అయిపోయింది, ఇళ్లు మారాయి, జెముడు మాత్రం వెంటే వచ్చింది.

మొదటి నాలుగు రోజులు మేస్త్రి దాని జోలికి పోలేదు. ఐదో రోజు చూస్తే పలకలు కాస్త చిక్కినట్టు కనిపించాయి. మనిషైతే దాహమేస్తే అడుగుతాడు, నోరులేనిది ఎలా అడుగుతుంది అనుకున్నాడు. ఒక్క గ్లాసు పోశాడు. గ్లాసుడు నీళ్లకి ఏమవుతుందిలే అని మర్నాడు ఇంకో గ్లాసు. ఆ గ్లాసు పొయ్యడం రోజు మొత్తంలో ఆయనకి చాలా హాయిగా ఉండే పని అయిపోయింది.

సాయంత్రం ఐదింటికల్లా అక్క ఫోను వచ్చేది.

"ఎలా ఉన్నావక్కా?"

"నా సంగతి నర్సు చూసుకుంటుంది. జెముడెలా ఉంది?"

"బాగుంది. బ్రహ్మాండంగా ఉంది."

"బ్రహ్మాండంగా ఎందుకుంటుంది? మామూలుగా ఉండాలి గాని. ఫొటో పెట్టు."

పంతొమ్మిదో రోజున జెముడు మొదలు దగ్గర, మట్టికి బెత్తెడు పైన, గోధుమరంగు మచ్చ కనిపించింది. వేలు పెడితే లోపలికి దిగింది. కుళ్లిన బంగాళాదుంప వాసన. మేస్త్రి గుండె జారిపోయింది. కాని చేతులు జారిపోలేదు. మైనం చెక్కే కత్తి తెచ్చి మెత్తబడిన భాగమంతా గీకేశాడు. దూదితో తుడిచాడు. నిమ్మకాయంత గొయ్యి మిగిలింది.

గొయ్యి కనిపిస్తే పూడ్చకుండా ఉండలేని వృత్తి. ప్లాస్టర్ కలిపాడు. బుడగలు రాకుండా గిన్నెను బల్లకేసి తట్టాడు. గొయ్యి నింపి, చెట్టు వంపుకి తగ్గట్టు చదును చేసి, గట్టిపడ్డాక గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. వేలు పెట్టి చూస్తే చెట్టెక్కడ ఆగిందో, ప్లాస్టర్ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ పూట భోజనం సయించింది.

నాలుగు రోజులకి ప్లాస్టర్ చుట్టూ గోధుమరంగు వలయం పడింది. అది పైకి పాకుతోంది. మేస్త్రి పెన్సిలుతో దాని అంచు దగ్గర గీత గీశాడు. మర్నాటికి మచ్చ గీత దాటింది. ఇంకో గీత గీశాడు. పనిబల్ల దగ్గర కూర్చుంటాడు, లేస్తాడు, గీత చూస్తాడు, కూర్చుంటాడు. ఆ వారం ఒక పెద్దాయన సెట్టులో కుడి కోరపన్ను ఎడమవైపు, ఎడమది కుడివైపు పెట్టాడు. డాక్టరు వెనక్కి పంపిస్తూ, "మేస్త్రీ, పాపం ఆయన నవ్వితే ఎదుటివాళ్లు ఏడుస్తున్నారయ్యా," అన్నాడు.

జెముడు ఫొటో ఇప్పుడు అవతలి పక్కనుంచి తీసి పంపిస్తున్నాడు.

"ఎప్పుడూ ఆ పక్కనుంచే తీస్తావేం? అదేమన్నా పెళ్లిచూపుల్లో పిల్లా?" అంది అక్క.

చివరికి నర్సరీ నడిపే ఆవిడను పిలిపించాడు. యాభై ఏళ్లుంటాయి. స్కూటరు మీద వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, జెముడు ముందు గొంతుక్కూర్చుంది. ప్లాస్టర్ని పెన్నుతో టకటకా కొట్టింది.

"ఇదేంటన్నగారూ! చెట్టుకి కూడా కట్టుడుపన్ను పెట్టేశారా?"

మేస్త్రి నవ్వబోయి మానుకున్నాడు.

"పుండు మీద తడిగుడ్డ కట్టినట్టు చేశారు. గొయ్యి అలా తెరిచి వదిలేసినా ఎండేదేమో. లోపలి తడి బయటికి పోయే దారి మూసేశారు. ఇంక కొయ్యాల్సిందే. పైభాగం కోసి ఆరబెట్టి మళ్లీ నాటుకోవాలి."

"ఎప్పుడు కొయ్యాలమ్మా?"

"నిన్న."

ఆవిడ మచ్చ అంచునుంచి కొమ్మలు చీలే చోటువరకు జానతో కొలిచింది. "కుళ్లు ఆ చీలిక దాకా ఎక్కిందంటే ఒక్క కొమ్మ కూడా దక్కదు. నాలుగు రోజులు, మహా అయితే ఐదు. కబురు చెయ్యండి, వచ్చి పట్టుకుంటాను. ఒక్కరివల్ల కాదు."

చెట్టు తనది కాదు. అక్కను అడగకుండా రంపం పెట్టలేడు. అడగాలంటే నీళ్ల సంగతి చెప్పాలి. ఆ సాయంత్రం ఫోనులో మాట నాలిక చివరిదాకా వచ్చింది, పెదవి దాటలేదు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు లేచి చూస్తే గీతకీ చీలికకీ మధ్య అరచేతి వెడల్పే మిగిలింది. మొహం కూడా కడుక్కోకుండా ఫోను అందుకున్నాడు.

"పొద్దున్నే చేశావంటే చచ్చిపోయిందన్నమాట," అంది అక్క.

"లేదక్కా. కాని..."

చెప్పాడు. నీళ్లూ, మచ్చా, ప్లాస్టరూ, నర్సరీ ఆవిడా, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.  అవతల వార్డులో ఏదో బండి చక్రాలు కీచుమంటూ వెళ్లిన చప్పుడు వినిపించింది.

"ఎన్ని రోజులు పోశావు?"

"పద్నాలుగు."

"ఫొటోలన్నీ బాగున్న పక్కనుంచి తీశావు."

"అవునక్కా."

"నువ్వు పుట్టినప్పుడు ముందు చేతులే బయటికొచ్చాయంది అమ్మ. అప్పుడే అనుకోవాల్సింది." ఇంక పనిలోకి దిగింది. "కోసెయ్. కాని నేను వింటూ ఉండాలి. దాని పాలు కంట్లో పడితే కళ్లు పోతాయి, పని కళ్లద్దాలు పెట్టుకో. గ్లవుజులు వేసుకో. ఫోను కిటికీలో పెట్టు."

గంటలో నర్సరీ ఆవిడ వచ్చింది. పాత బొంత చెట్టు చుట్టూ చుట్టి, పై కొమ్మల్ని తాళ్లతో కిటికీ ఊచలకు కట్టారు. ఆవిడ కావలించుకుని పట్టుకుంది. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని గీతకి వేలెడు పైన రంపం పెట్టాడు. పాలు తెల్లగా ధారకట్టాయి.

"చప్పుడు తేలికైంది. తెగిపోయిందా?" అంది ఫోనులోంచి అక్క.

"తెగింది. మధ్యలో గోధుమరంగు చుక్కుందక్కా."

"ఇంకా పైకి వెళ్లు."

ఇంకో వేలెడు మందం బిళ్ల తీశాడు. చుక్క నువ్వుగింజంత అయింది గాని పోలేదు. ఇంక చీలిక దాకా రెండు వేళ్ల చోటే ఉంది. మేస్త్రి రంపం పక్కన పెట్టాడు. 

"ఆగావేం?"

"ఇంకొక్క కోతకే చోటుందక్కా."

"ఐతే ఆ ఒక్కటీ కొయ్యి. నా ముప్పైయొక్కేళ్లూ నీ చేతిలో పెట్టాను, కొయ్యి."

రెండో బిళ్ల పడింది. నర్సరీ ఆవిడ వంగి చూసి, "ముల్లంగిలా ఉందమ్మా, తెల్లగా! ఒక్క మచ్చ లేదు," అని ఫోనువైపు అరిచింది. అవతలినుంచి ఎవరో నర్సు, "ఎవరికి ఆపరేషను?" అని అడగడం వినిపించింది.

పాలు ఆగేదాకా కోతను నీళ్లతో కడిగారు. కుళ్లిన మొదలుని తొట్టిలోంచి పెరికి పారేశారు. ఇద్దరూ చెమటలు కక్కుతూ పైభాగాన్ని బొంతపీలికలతో ఉట్టిలా కిటికీ ఊచలకు వేలాడదీశారు. కోసిన చోటు నేలకి జానెడు ఎత్తులో గాలికి వదిలేశారు.

"మూడు వారాలు అలాగే ఆరాలి," అంది నర్సరీ ఆవిడ చేతులు కడుక్కుంటూ. "కోత మీద చెక్కు కట్టాలి. ముట్టుకోవద్దు. నీళ్లు సరే, చూపులు కూడా కాస్త తగ్గించండి."

ఊడిన పన్ను చోటికి నాలిక వెళ్లినట్టు మేస్త్రి కాళ్లు కిటికీ దగ్గరికే వెళ్లేవి. పనిబల్లను గోడవైపు తిప్పుకున్నాడు. బీరువాలు సర్దాడు. చీలని చీపుళ్లు విప్పి మళ్లీ కట్టాడు. ఐదో రోజు ఒక్కసారి, వేలి చివరతో, గట్టిపడిందో లేదో నొక్కి చూశాడు. సన్నటి పొర చిట్లింది. పాలచుక్క ఊరింది.

నర్సరీ ఆవిడకు ఫోను చేస్తే తిట్టలేదు. "ఇవాళ మళ్లీ మొదటి రోజన్నగారూ," అని పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. ఆ సాయంత్రం అక్కకి తనే చెప్పాడు.

"చెప్పావు, అదొకటి నయం," అంది అక్క.

ఇంకో రెండు వారాలకి అక్క ఇంటికొచ్చింది. నడక చట్రం పట్టుకుని గదిలో నాలుగడుగులు వెయ్యొచ్చు, వంగకూడదు, సాయం లేకుండా లేవకూడదు. కిటికీ ఎదురుగా కుర్చీ వేయించుకుంది. గాల్లో వేలాడుతున్న జెముడునీ, ఖాళీ తొట్టినీ చూస్తూ ఆ రోజంతా కూర్చుంది. రెండో రోజు నోరు విప్పింది.

"బాగానే ఎండింది. మట్టిలో పెట్టెయ్."

"ఇంకా ఐదు రోజులుందక్కా."

"నా చెట్టుకి నువ్వు లెక్కలు చెప్తావా?"

"ఆవిడ చెప్పిందక్కా."

"ఆవిడెవరు చెప్పడానికి? పీలికలు చూడు, ఎలా కోసుకుపోతున్నాయో! దానికెంత నొప్పిగా ఉంటుందో నీకేం తెలుసు? నేను రోజంతా ఇలా పడి ఉంటే తెలుస్తోంది!" అంటూ చేతికర్ర చాపి కోత అంచుని పొడవబోయింది.

మేస్త్రి కర్ర పట్టుకున్నాడు. అక్క చేతిలోంచి మెల్లగా లాక్కున్నాడు. చిన్నప్పటినుంచి ఆవిడ చేతిలోంచి ఏదీ లాక్కుని ఎరగడు.

"పోనీ తడిగుడ్డయినా పెట్టరా," అంది అక్క. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెట్టనక్కా. నేను పెట్టి చూశానుగా."

అక్క మొహం తిప్పుకుంది. అరగంట తర్వాత, "ఆ కర్ర ఇటివ్వు, వీపు గోక్కోవాలి," అంది. ఇచ్చాడు. నిజంగానే వీపే గోక్కుంది.

ఐదు రోజులకి నర్సరీ ఆవిడ వచ్చి కోతను గోరుతో కొట్టింది. చెప్పు మడమలా గట్టిగా మోగింది. ఇసుకా కంకరా కలిపిన పొడిమట్టిలో జెముడుని దింపి, చుట్టూ మూడు కర్రలు పాతి కట్టింది.

"ఇప్పుడు నీళ్లా?" అక్కా తమ్ముడూ ఒకేసారి అడిగారు.

"నెల తర్వాత."

"నెలా!" అంది అక్క.

"వేళ్లు లేనిదానికి నీళ్లెందుకమ్మా? దాని ఒంట్లో ఉన్నదే తాగుతుంది."

పది రోజులకి ఒక కొమ్మ కొనన ఆకుపచ్చ చుక్క కనిపించింది. ఆకే. బియ్యపుగింజంత. అక్క కేక వేస్తే మేస్త్రి మైనం చేతులతోనే పరిగెత్తాడు. వెంటనే నర్సరీ ఆవిడకు ఫోను చేశాడు.

"ఏమంది?" అంది అక్క.

"పాత నీళ్లతో కూడా అలా వస్తుందిట. వేళ్లొచ్చినట్టు కాదుట. ఇప్పుడే ఏమీ చెప్పలేనంది."

అక్క కాసేపు ఆ ఆకుని చూసింది. తర్వాత, "నా కుర్చీ అటు తిప్పరా," అంది. "దీన్ని చూస్తూ కూర్చుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది. నీ పనిబల్ల వైపు తిప్పు. ఎవరి పళ్లో చూస్తాను."

తిప్పాడు. తను బల్ల దగ్గర కూర్చుని, కొత్తగా వచ్చిన కింది దవడ అచ్చు చేతిలోకి తీసుకున్నాడు. దానికి పద్నాలుగు పళ్లు పేర్చాలి. అక్క మెడ ఒకటి రెండుసార్లు కిటికీ వైపు తిరగబోయి మళ్లీ ఇటు తిరిగింది.

"ఆకుందా ఇంకా?"

"చూళ్లేదక్కా," అన్నాడు మేస్త్రి మైనం కరిగిస్తూ.

అక్క అనుమానంగా అతని మొహంలోకి చూసింది. అబద్ధం దొరకలేదు.

"ఐతే నేనూ చూడను," అంది.

పావుగంటసేపు ఇద్దరిలో ఎవరూ అటు తిరగలేదు.