ఆర్ఫా కట్టిన పాట

అది 1840, అమెరికాలో ఆడవాళ్లకు ఇంకా ఓటు లేని రోజులు. ఒహాయోలో ఆ ఏడు ఎన్నికలంటే జాతరే. విగ్ పార్టీ వాళ్లు ఇంటెత్తు తోలు బంతి ఒకటి చేసి, పాడుకుంటూ ఊరూరా దొర్లిస్తున్నారు. పాట మాత్రం టోపీలు కుట్టే ఆర్ఫా టటిల్‌ది. అందరికీ నోటికొచ్చిన తాగుడు పాట బాణీ తీసుకుని, అవతలి పార్టీ అభ్యర్థి క్రల్‌ను అందులో ఉతికి ఆరేసింది.

వంతెన దగ్గర క్రల్ తన మనుషులతో, కర్రలతో అడ్డం నిలబడ్డాడు. బంతి వెంట వస్తున్న ఆర్ఫా రెండడుగులు వెనక్కి వేసింది. కానీ ఆ బాణీ చెవిన పడ్డాక ఎవడి కాలు ఆగుతుంది? ముందు కర్రలు తాళం వేశాయి, ఆనక నోళ్లు కలిశాయి. చివరికి క్రల్ కూడా కోటు విసిరేసి, "పందుల దొంగ క్రల్" అంటూ గొంతు చించుకుని పాడుతూ బంతి తోశాడు! ఆర్ఫా పడీ పడీ నవ్వింది.

"ఎవరు రాశారిది?" రొప్పుతూ అడిగాడు క్రల్.

"నేనే బాబూ."

"నీ నోరు పడిపోనూ, ఎంత కమ్మగా తిట్టావమ్మా! నీ ఓటు మాత్రం నాకే వెయ్యాలి!"

రెండు పార్టీల మగాళ్లూ గొల్లున నవ్వారు.

ఆర్ఫా కూడా నవ్వుతూనే అంది: "నాకు ఓటే ఉంటే ఇంత పాటెందుకు బాబూ? చీటీ ముక్క వేసి ఊరుకునేదాన్ని కదా!"